ఎంత ఎల్లింది? తడి ఆరాక తేలిన ఒక దిగుబడి లెక్క

నూటికి నూట నాలుగు

కెమిస్ట్రీ ల్యాబులో కొత్తగా చేరే లెక్చరర్లకు నేను చెప్పేది ఒక్కటే. విద్యార్థి తెచ్చిన పొడిని చూసేముందు వాడి మొహం చూడండి. "మేడం, నూట నాలుగు శాతం దిగుబడి వచ్చింది" అని వెలిగిపోతూ చెబుతున్నాడంటే పొడి ఇంకా తడిగా ఉందని అర్థం. వాడు తూచింది సగం ఆస్పిరిన్‌ని, సగం మంచినీళ్ళని. నా ఉద్యోగకాలంలో ఇలాంటి అద్భుతాలు ఎన్ని చూశానో లెక్కలేదు. మా ల్యాబులో ఒకప్పుడు నీళ్ళకు ఉన్న దిగుబడి ఏ రసాయనానికీ లేదు.

లెక్క చాలా సులువైనది. పది ప్లేట్లకు సరిపడా ఇడ్లీలున్నాయి, చట్నీ ఆరు ప్లేట్లకే ఉంది అనుకోండి. అప్పుడు మీరు అమ్మగలిగేది ఆరు ప్లేట్లే. రసాయన చర్యలోనూ ముందుగా అయిపోయే పదార్థం ఏదో అదే లెక్కను శాసిస్తుంది. దాన్నిబట్టి ఎంత రావాలో కాగితం మీద కడతాం. నిజంగా ఎంత వచ్చిందో తూచి, రావలసిన దానితో భాగించి, వందతో గుణిస్తే దిగుబడి శాతం తేలుతుంది. ఐదు గ్రాముల సాలిసిలిక్ ఆమ్లంతో మొదలుపెడితే ఆరున్నర గ్రాముల ఆస్పిరిన్ రావాలి. రాదు. కొంత గాజుకు అంటుకుంటుంది, కొంత నీళ్ళలో కరిగి పోతుంది, కొంత మన తొందరలో బల్లపాలవుతుంది. రావలసినదానికీ వచ్చినదానికీ మధ్య ఉన్న ఆ ఖాళీని నిజాయితీగా చూపించడమే మా ఉద్యోగం. మిగతాదంతా గాజుసామాను కడగడం.

ఈ ఖాళీ గురించి నాకు బాగా తెలిసివచ్చింది తెలంగాణ ఉద్యమం రోజుల్లో, ఒక ఎమ్మెస్సీ ప్రాక్టికల్ పరీక్షలో. పాఠ్యపుస్తకంలో లేనిది కాబట్టి చెబుతాను.

సోమయాజులుగారి అంకె

అప్పుడు మా విభాగాధిపతి సోమయాజులుగారు. కోనసీమ నుంచి కుర్రతనంలో వచ్చి తార్నాకలో స్థిరపడ్డారు. క్యాంపస్ గేటు నుంచి ఇంటికి, ఇంటి నుంచి గేటుకి తప్ప ఊరితో పరిచయం పెంచుకోలేదు. కూరల బండివాడితో, పాలవాడితో, ఆటోవాళ్ళతో మాట్లాడే శాఖ మొత్తం వాళ్ళావిడది. ఆయన పాఠం ఇంగ్లీషులో, కోపం సంస్కృతంలో, మిగతాది మౌనంలో నడిచేది. మనిషి మాత్రం బంగారం. ఏ విద్యార్థి చెయ్యి కాలినా ముందు పరుగెత్తేది ఆయనే.

ఆయనకు ఒక అంకె అంటే ప్రాణం. డెబ్బై ఎనిమిది. తన పీహెచ్‌డీలో ఏదో చర్యకు డెబ్బై ఎనిమిది శాతం దిగుబడి వచ్చిందట. "మంచి కెమిస్టు చేతికి డెబ్బై ఎనిమిది తగ్గదమ్మా" అని ఒకసారి క్లాసులో అన్నారు. అంతే, ఆ మాట హాస్టళ్ళకు పాకింది. సీనియర్లు జూనియర్లకు ల్యాబ్‌కోటుతో పాటు ఆ అంకెను కూడా అప్పగించేవారు. పిల్లలు ముందు డెబ్బై ఎనిమిది రాసేవారు, తర్వాత దానికి సరిపోయే బరువు కట్టేవారు, చివరికి తీరిక ఉంటే ప్రయోగం చేసేవారు. ఏ పదార్థం చేయమన్నా, వేసవిలోనైనా వానల్లోనైనా, మా విభాగంలో ప్రకృతి డెబ్బై ఎనిమిది దగ్గరే ఆగిపోయేది.

నాకు తెలియదా అంటే తెలుసు. మీటింగుల్లో రెండుమూడుసార్లు అన్నాను కూడా. "పిల్లలు బాగా చేస్తుంటే మీకెందుకు గ్రేస్ మేడం బాధ" అన్నారు సహోద్యోగులు. పైఅధికారి ఇష్టం ప్రకృతి నియమంగా మారిపోవడం నేను అక్కడే మొదటిసారి చూశాను. తర్వాత చాలా ఆఫీసుల్లో చూశాను గానీ, కెమిస్ట్రీలో చూస్తే ఎక్కువ సిగ్గేస్తుంది.

ఆ ఏడు స్వరూప అనే అమ్మాయి ఒక్కతే డెబ్బై ఎనిమిది రాయలేదు. సత్యహరిశ్చంద్రుడి వంశం అనుకోకండి. సీనియర్లు ఆ రహస్యం చెప్పిన వారం ఆమె ఆటలమ్మ పోసి ఊళ్ళో పడుకుంది. అందుకని పాపం, నిజంగానే తూచింది.

కన్నీళ్ళ వైవా

పరీక్షలో ఆస్పిరిన్ చేయమన్నాం. మొదటిరోజు అందరూ చర్య జరిపి, వడగట్టి, మళ్ళీ కరిగించి స్ఫటికాలు తీసి, వాచ్‌గ్లాసులనే చిన్న గాజు పళ్ళేల్లో ఆరబెట్టి వెళ్ళారు. మర్నాడు తూకం, వైవా జరగాలి. మర్నాడు బంద్. ఆ తర్వాత ఇంకో బంద్. ఆ తర్వాత గేట్లకు ముళ్ళకంచె. తార్నాక చౌరస్తాలో బస్సు కనిపిస్తే జనం వింతగా చూసే రోజులవి. ఈలోగా తాళం వేసిన ల్యాబులో ఆ పొడులన్నీ ఎవరి ప్రమేయం లేకుండా చక్కగా ఆరిపోయాయి. మా విభాగం చరిత్రలో అంత పొడి పొడి ఎప్పుడూ లేదు.

తెరిచిన రోజున స్వరూప పొద్దున్నే వచ్చి తూచుకుంది. రెండు పాయింట్ ఏడు గ్రాములు. నలభై ఒక్క శాతం. అదే రాసింది. మిగతావాళ్ళు తడిగా ఉన్న మొదటిరోజు సాయంత్రమే డెబ్బై ఎనిమిది రాసేసి ఉన్నారు కనుక మళ్ళీ కాంటా ముట్టుకోలేదు.

వైవా మొదలయ్యేసరికి కాలేజీ ముందు రాళ్ళు, వెంటనే టియర్ గ్యాస్. నేను తడి తువ్వాళ్ళు పట్టుకుని ల్యాబు ఆ చివర కిటికీ సందులు మూస్తున్నాను. ఈ చివర సోమయాజులుగారు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, కళ్ళు ధారలు కారుతుండగా, పరీక్ష ఆపకూడదన్న పట్టుదలతో కూర్చున్నారు. రికార్డు చదివే స్థితిలో ఆయన కళ్ళు లేవు. ఇంగ్లీషు పలికే స్థితిలో గొంతు లేదు. అందుకని జీవితంలో మొదటిసారి ఆయన తెలుగులో వైవా చేశారు. జరిగిన సంభాషణ ఇద్దరూ నాకు విడివిడిగా చెప్పారు, అక్షరం తేడా లేకుండా.

"ఏమ్మా, దిగుబడి సంగతేమిటి?"

"ఎల్లింది సార్."

"వెళ్ళిందా!"

"అవ్ సార్. మొత్తం గింతనే ఎల్లింది."

"మొత్తం వెళ్ళిందా? ఎలా వెళ్ళిందమ్మా?"

"వడగడితే ఎల్లింది సార్."

"వడగడితే ఎందుకు వెళుతుంది? కాగితం చిరిగిందా?"

"చిరగలే సార్. కాయితం మీదనే ఎల్లింది."

"మరి ఈ గాజు పళ్ళెంలో ఉన్నదేమిటి?"

"గదే సార్, ఎల్లింది."

"వెళ్ళింది ఇక్కడెలా ఉంటుంది తల్లీ!"

ఇద్దరూ ఏడుస్తూనే మాట్లాడుకున్నారు కనుక ఆమె బాధ ఆయనకు నిజమనిపించింది, ఆయన జాలి ఆమెకు నిజమనిపించింది. పొడి మొత్తం పారబోసుకుని, పక్కవాళ్ళది ఇంత తెచ్చి పెట్టిందని ఆయన నిర్ధారించుకున్నారు. ఎంతో బాధపడుతూ సున్నా వేసి, సంతకం చేసి, కవరు సీలు చేశారు.

వెళ్ళడమా, రావడమా

స్వరూప నా దగ్గరకు వచ్చింది. ఈసారి కన్నీళ్ళు గ్యాసువి కావు. ఆమెకు గురుకుల కళాశాలలో లెక్చరర్ ఉద్యోగం ఖాయమైంది. నెలాఖరులోగా పాసైన మెమో చూపించాలి. ప్రాక్టికల్ పోతే మళ్ళీ ఏడాదికి గానీ పరీక్ష లేదు, ఉద్యోగం ఇంకొకరికి పోతుంది. ఒక్క మాట, ఆ మాటలో ఒక్క అక్షరం, ఆ పిల్ల బతుకుదారికి అడ్డం పడి కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది.

నేను బౌద్ధనగర్‌లో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న కోస్తా నుంచి మిషన్ స్కూలు టీచరుగా వచ్చాడు. ఇంట్లో ఒక తెలుగు, గల్లీలో ఒక తెలుగు మాట్లాడి పెరిగాను. సోమయాజులుగారి గదికి వెళ్ళి చెప్పాను. "సార్, ఇక్కడ చేనులో పంట వస్తే ఎల్లింది అంటారు. ఎన్ని బస్తాలు ఎల్లినయ్ అంటే ఎన్ని వచ్చాయని. దిగుబడికి అంతకన్నా మంచి మాట మన పుస్తకాల్లో కూడా లేదు."

"వెళ్ళడమంటే రావడమా?" అన్నారు ఆయన నిర్ఘాంతపోయి. "ఇదెక్కడి తర్కమమ్మా?"

"మీరు రోజూ సాయంత్రం ఇంటికి వెళుతూ నాతో ఏమంటారు సార్?"

"ఏమంటాను? వస్తానమ్మా అంటాను."

అన్నాక గానీ తను ఏమన్నారో ఆయనకు తట్టలేదు. చివరికి సీలు వేసిన కవరు చూపించారు. "తప్పే జరిగింది. కానీ సీలు పడింది. ఇక నా చేతిలో లేదు" అన్నారు. నిజంగానే లేదు. తిరిగి పరీక్షించాలంటే ప్రిన్సిపాల్ ఉత్తర్వు కావాలి.

ఈలోగా కథ క్యాంటీనుకు చేరింది. క్యాంటీన్లో అది పెద్దదైంది. మధ్యాహ్నానికి విభాగం ముందు రెండు వందల మంది. వాళ్ళ నాయకుడు నరేందర్, గోల్నాక పిల్లాడు, మా ఎమ్మెస్సీయే, స్వరూప క్లాస్‌మేటే. "మా మాటకు సున్నా ఏస్తరా? ఎల్లింది ఎల్లింది, తెలంగాణ ఎల్లింది!" అని మెట్లమీద నిలబడి అందుకున్నాడు. గుంపు మారుమోగించింది. నినాదానికి మంచి లయ కుదిరిందని నాకూ అనిపించింది, చెప్పకేం.

ప్రిన్సిపాల్ భయపడి కమిటీ వేశారు. కమిటీ పని, ఎల్లింది అనే మాటకు అర్థం తేల్చడం. ఒకాయన నిఘంటువులు మోసుకొచ్చారు. ఇంకొకాయన ఈ గొడవ లేకుండా దిగుబడి, ఎల్లింది అనే రెండు మాటలూ తీసేసి ఉత్పన్నలబ్ధి అనే కొత్త మాట పెడదామన్నారు. ఆ మాట ఇరుపక్షాలకూ అర్థం కాలేదు కనుక నిష్పాక్షికంగా ఉందని మూడో ఆయన మెచ్చుకున్నారు. కొండను తవ్వి ఎలుకను పట్టడం విన్నాం గానీ, ఆ కమిటీకి ఎలుక కూడా ఎల్లలేదు.

నరేందర్ నన్ను వరండాలో ఆపాడు. "మేడం, మీరు ఎక్కడోళ్ళు?" ఆ రోజుల్లో ఆ ప్రశ్నకు చాలా బరువుండేది.

"బౌద్ధనగర్" అన్నాను.

"గట్ల కాదు మేడం. అసలు?"

"అసలు కూడా బౌద్ధనగరే." గొంతు గట్టిగానే వచ్చింది. నేను పాఠం చెప్పిన పిల్లాడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదేనని బాధేసింది.

అప్పుడు స్వరూప మధ్యలోకి వచ్చింది. "నరేందరన్నా, నీకు దండం పెడ్త. నా పేరు మీద గీ లొల్లి బంజెయ్. మాట సంగతి తర్వాత, నా ప్రాక్టికల్ సంగతేంది? నెలాఖరుకు మెమో లేకుంటే నా కొలువు పోతది. నువ్వు ఇస్తవా కొలువు?"

నరేందర్ తగ్గాడు. ఆలోచించాడు. మళ్ళీ లేచాడు. "అయితే మళ్ళ తూచాలె! ఆమెది ఒక్కటే కాదు, అందరివి తూచాలె! ఎవలది ఎంత ఎల్లిందో అందరి ముంగట తేలాలె!"

గుంపులో మా క్లాసు పిల్లలు ఒక్కసారిగా చప్పట్లు ఆపేశారు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నరేందర్ ఆవేశంలో అది గమనించలేదు. తనదీ డెబ్బై ఎనిమిదే అన్న సంగతి కూడా ఆ క్షణాన మరిచిపోయినట్టున్నాడు. ప్రిన్సిపాల్ మాత్రం కమిటీ పీడ వదిలిందని వెంటనే పునఃపరీక్షకు ఉత్తర్వు రాసిచ్చారు.

కాంటా ఊగుతున్నది

మా బ్యాలెన్సు గది వంటింటంత ఉంటుంది. అందులో సోమయాజులుగారు, నేను, స్వరూప, విద్యార్థుల తరఫున నరేందర్, శాంతిభద్రతల తరఫున ఒక ఇన్‌స్పెక్టర్. మౌలాలిలో ఉండే మనిషి, డిగ్రీలో కెమిస్ట్రీ తప్పానని ముందే చెప్పుకున్నాడు. బయట గుంపు, గుంపు చుట్టూ పోలీసులు.

మాది పాతకాలపు కాంటా. గాజు తలుపులు మూసినా గాలి తగిలితే ముల్లు నిలవదు. స్వరూప పొడి పెట్టాను. బయట "ఎల్లింది ఎల్లింది" అని ఒక ఊపు వచ్చినప్పుడల్లా కిటికీ అద్దాలు అదిరి, ముల్లు అటూ ఇటూ పరుగెత్తేది. నలభై ఒకటీ నలభై మూడూ ముప్పై తొమ్మిదీ. నినాదాన్నిబట్టి దిగుబడి మారుతోంది.

నరేందర్ కిటికీ తెరిచి అరిచాడు. "ఓ తమ్మీ! జర ఆగుండ్రి! కాంటా ఊగుతున్నది!"

ఒక్కసారిగా నిశ్శబ్దం. అన్నాళ్ళ ఉద్యమంలో క్యాంపస్ అంత మౌనంగా ఉండటం నేను చూడలేదు. అదే పోలీసులను కంగారు పెట్టింది. ఇన్‌స్పెక్టర్ వైర్‌లెస్ గరగరలాడింది. "నినాదాలు ఎందుకు ఆగినయ్? లోపల ఏం జరుగుతున్నది?"

"సార్, తూకం నడుస్తున్నది సార్" అన్నాడు ఇన్‌స్పెక్టర్ గుసగుసగా.

"ఏం తూకం?"

"ఆస్పిరిన్ సార్."

అవతలి గొంతు కాస్త ఆలోచించింది. "బలగం పంపాల్నా?"

"వద్దు సార్. గాలి తగుల్తది."

ముల్లు నిలిచింది. రెండు పాయింట్ ఏడు. నలభై ఒక్క శాతం, రాసింది రాసినట్టు. స్వరూప ఊపిరి వదలబోయి, కాంటా గుర్తొచ్చి మళ్ళీ బిగబట్టుకుంది.

మిగతావి వరసగా తూచాను. నలభై ఏడు. యాభై రెండు. ముప్పై తొమ్మిది. డెబ్బై ఎనిమిది అన్న అంకె ఆ గదిలోకి తొంగిచూడలేదు. ఒక మహానుభావుడిది మాత్రం నూట పద్దెనిమిది. ఆరితే తగ్గుతుందని ముందుచూపుతో క్యారమ్ బోర్డు పౌడరు కలిపాడట. చివరగా నరేందర్‌ది. ముప్పై ఆరు.

"మేడం, కాంటా ఖరాబైనట్టున్నది" అన్నాడు నరేందర్ మెల్లగా.

"కాంటా మంచిగనే ఉన్నది అన్నా" అంది స్వరూప. ఆ మాట అంటున్నప్పుడు ఆమె మొహంలో ఆనందం చూసి నాకు పోయిన ప్రాణం లేచొచ్చింది.

సోమయాజులుగారు స్టూలు మీద కూలబడ్డారు. "మరి డెబ్బై ఎనిమిది ఎక్కణ్ణుంచి వచ్చిందిరా ఇందరికి?"

"మీ కాడికెల్లే సార్" అన్నాడు నరేందర్. "గంతకు తగ్గితే మీకు కోపమొస్తదని సీనియర్లు చెప్పిన్రు."

ఆయన మొహం చూడలేకపోయాను. ఇన్నేళ్ళ రికార్డులు, ఇన్ని బ్యాచ్‌లు, అన్నిటిలోనూ పిల్లలు ఆయన అంకెనే తిరిగి ఆయనకు చదివి వినిపించారు. ఆయన వాళ్ళ చేతుల్ని మెచ్చుకుంటున్నానని అనుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు అన్నట్టు అందులో అందరికీ వాటా ఉంది, కానీ ఆ పాపమంతా తనొక్కరిదే అన్నట్టుగా ఆయన కూర్చున్నారు.

కాసేపటికి లేచి, కొత్త మార్కుల కాగితం తీసుకుని, స్వరూప వైపు తిరిగారు. కళ్ళలో మళ్ళీ నీళ్ళు. బయట గ్యాసు లేదు. "చెప్పు తల్లీ. ఎంత... ఎల్... ఎల్లింది?" ఆ మాట ఆయన నోట్లో కొత్త పన్నులా తగిలింది.

"నలభై ఒకటి ఎల్లింది సార్."

క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు ఆమెకే వేశారు. నెలాఖరుకు రెండు రోజుల ముందు మెమో చేతికొచ్చింది.

ఇన్‌స్పెక్టర్ వెళుతూ వెళుతూ, ఈ లెక్క ముందే ఎవరైనా ఇట్లా చెప్పి ఉంటే తను డిగ్రీ పాసయ్యేవాడినని అన్నాడు. బయటకు వెళ్ళి నరేందర్ గుంపుకు ఏం చెప్పాడో తెలియదు. నినాదం మాత్రం మళ్ళీ మొదలైంది. ముప్పై ఆరు శాతం వచ్చినవాడి గొంతులా లేదు.

ఆరినాక

కొత్తగా చేరేవాళ్ళకు ఇందులో చెప్పదలచుకున్నవి విడమరచి చెప్పక్కర్లేదు. మీకు ఏ అంకె ఇష్టమో పిల్లలకు తెలియనివ్వకండి. తడి ఆరకముందు తూచకండి. సున్నా వేసేముందు, వాళ్ళు ఏ మాటలో జవాబిచ్చారో కనుక్కోండి.

సోమయాజులుగారు తర్వాత రిటైరై తార్నాకలోనే ఉండిపోయారు. అపార్ట్‌మెంట్ కిందకు దిగి కూరల బండివాడితో మాట్లాడటం మొదలుపెట్టారని, బేరం మాత్రం ఇంకా రాదని వాళ్ళావిడ చెప్పేది.

రాష్ట్రం వస్తుందని ఖాయమైన సాయంత్రం తార్నాక చౌరస్తాలో టపాసులు, గులాలు, డప్పులు. నా ఫోను మోగింది. స్వరూప. అప్పటికి కొన్నేళ్ళుగా గురుకులంలో కెమిస్ట్రీ చెబుతోంది. వెనక పిల్లల కేకలు.

"మేడం! ఎల్లింది మేడం! తెలంగాణ ఎల్లింది!"

"సంతోషం తల్లీ" అన్నాను, నిజంగానే. "ఆరినాక తూచుకో."

ఆమె గలగలా నవ్వింది. "మర్చిపోతనా మేడం!"

ఫోను పెట్టానో లేదో మళ్ళీ మోగింది. సోమయాజులుగారు.

"గ్రేసమ్మా, విన్నావా? వెళ్ళిందట."

ఒకే మాట. ఆ ఇంట్లో దానికి వచ్చిందని అర్థం, ఈ ఇంట్లో పోయిందని. ఇద్దరూ తప్పు చెప్పడం లేదు. ఈసారి సున్నా వేయడానికి ఎవరూ లేరు.

"ఎక్కడికి వెళ్ళింది సార్?" అన్నాను.

ఆయనకు ఆ వైవా గుర్తొచ్చినట్టుంది. చిన్నగా నవ్వారు. తర్వాత ఆ నవ్వు ఆగిపోయింది. కింద డప్పులు వినపడుతున్నాయి, ఆయన ఫోన్లోనూ, నా కిటికీలోనూ.

"మరి మనం ఎక్కడివాళ్ళమమ్మా ఇప్పుడు?"

ఇన్నేళ్ళూ ఆయనతో నేను మా నాన్న తెలుగే మాట్లాడాను. ఆ రోజు మాత్రం గల్లీ తెలుగు దానంతటదే నోటికొచ్చింది.

"గీడోళ్ళమే సార్. గీడనే ఉన్నం."